కనిపించకుండా కరెంటు మోసే పొర: టచ్ తెరల్లో పారదర్శక వాహకాల చిక్కుముడి

2025 ఫిబ్రవరిలో చైనా ఐదు లోహాలకు చెందిన కొన్ని సరుకుల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. టంగ్‌స్టన్, టెల్లూరియం, బిస్మత్, మాలిబ్డినంలతో పాటు ఆ జాబితాలో ఇండియం కూడా ఉంది. టచ్ తెరల్లో ఇండియం వాడతారని తెలిసినవాళ్లకు వెంటనే వచ్చే అనుమానం ఒకటే: ఇక ఫోన్లకు, ట్యాబ్లెట్లకు గండమేనా?

నిబంధనను చదివితే ఆ అనుమానం చాలావరకు తీరిపోతుంది. ఇండియం కింద అందులో పేర్కొన్నవి ఇండియం ఫాస్ఫైడ్, ట్రైమిథైల్ ఇండియం, ట్రైఇథైల్ ఇండియం. ఇవి లేజర్లకూ, ఆప్టికల్ ఫైబర్ పరికరాలకూ, సెమీకండక్టర్ల తయారీకీ కావలసిన సరుకులు. తెర మీద పూసేది ఇండియం టిన్ ఆక్సైడ్. పరిశ్రమలో అందరూ దాన్ని ఐటీఓ అంటారు. అది ఆ జాబితాలో లేదు.

అయినా గందరగోళం అక్కడితో ఆగదు. ఐటీఓకి రోజులు దగ్గరపడ్డాయని, గ్రాఫీన్ అనే కార్బన్ పొర వచ్చేస్తోందని, వెండి నానోవైర్లనే అతి సన్నని తీగలు వచ్చేస్తున్నాయని వార్తలు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. ఐటీఓ మాత్రం చెక్కుచెదరలేదు. అలాగని ఆ వార్తలన్నీ అబద్ధాలా అంటే అదీ కాదు. కొన్నిచోట్ల ఐటీఓ నిజంగానే తప్పుకుంది, కానీ అందరూ ఊహించిన కారణంతో కాదు. ఇండియం దొరక్కపోవడం కంటే తెర ఎంత పెద్దది, ఎంత వంగాలి అన్న రెండు ప్రశ్నలే దాన్ని పక్కకు నెట్టాయి. అదెలాగో తెలియాలంటే మొదట ఈ పొర చేసే పనిలోని వైరుధ్యం అర్థం కావాలి.

## గాజులా కనబడాలి, లోహంలా పనిచేయాలి

మామూలుగా ఈ రెండు గుణాలూ ఒకచోట పొసగవు. రాగి, వెండి కరెంటును బాగా మోస్తాయి, కాంతిని మాత్రం వెనక్కి కొడతాయి. గాజు కాంతిని వదిలేస్తుంది, కరెంటుకు దారివ్వదు. రెండింటికీ కారణం ఎలక్ట్రాన్లే.

లోహంలో ఎలక్ట్రాన్లు ఏ పరమాణువుకూ కట్టుబడకుండా తిరుగుతుంటాయి. కాంతి పడినప్పుడు దాని విద్యుత్ క్షేత్రానికి తగ్గట్టు అవి ఊగి, ఆ కాంతిని తిప్పికొడతాయి. ఇలా తిప్పికొట్టగలిగే ఫ్రీక్వెన్సీకి ఒక హద్దు ఉంది. దాన్ని ప్లాస్మా ఫ్రీక్వెన్సీ అంటారు. అంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న కాంతి వెనక్కి పోతుంది, ఎక్కువ ఉన్నది లోపలికి దూరుతుంది. సాధారణ లోహాల్లో ఎలక్ట్రాన్లు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే, ఈ హద్దు అతినీలలోహిత ప్రాంతంలో పడుతుంది. దృశ్యకాంతి మొత్తం హద్దుకు ఇవతలే ఉంటుంది కాబట్టి లోహం అద్దంలా మెరుస్తుంది.

గాజులో ఎలక్ట్రాన్లు బందీలు. వాటిని విడిపించడానికి కావలసిన కనీస శక్తినే బ్యాండ్ గ్యాప్ అంటారు. కంటికి కనిపించే కాంతి రేణువుల శక్తి సుమారు 1.6 నుంచి 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు. గ్యాప్ 3.1 దాటిన పదార్థాన్ని ఆ కాంతి కదిలించలేదు, నేరుగా దాటిపోతుంది.

కాబట్టి కావలసిన పదార్థానికి రెండు షరతులు. గ్యాప్ 3.1 కంటే ఎక్కువ ఉండాలి. స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు కరెంటుకు సరిపడా ఉండాలి, అయితే ప్లాస్మా హద్దు పరారుణ ప్రాంతం దాటి దృశ్యకాంతిలోకి వచ్చేంతగా ఉండకూడదు. ఇండియం ఆక్సైడ్ గ్యాప్ 3.5 ఎలక్ట్రాన్ వోల్టులకు పైనే, కనుక మొదటి షరతు తీరింది. రెండోదాని కోసం అందులో బరువులో సుమారు 10 శాతం టిన్ ఆక్సైడ్ కలుపుతారు. మూడు ఎలక్ట్రాన్లతో బంధంలో పాల్గొనే ఇండియం స్థానంలో నాలుగు ఉన్న టిన్ కూర్చుంటే ఒకటి మిగిలిపోతుంది. ఆ మిగులే కరెంటు మోస్తుంది.

లెక్క ఎంతలో ఉందో చూడండి. ఒక ఘన సెంటీమీటరు రాగిలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు సుమారు 8.5 × 10²². మంచి ఐటీఓలో 10²⁰ నుంచి 10²¹ మధ్య. దాదాపు వంద రెట్లు తేడా. నిరోధకతలోనూ ఇంచుమించు అదే నిష్పత్తి కనిపిస్తుంది: రాగికి 1.7 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు, గాజు మీద బాగా కుదిరిన ఐటీఓకి 150 నుంచి 200. ఇంకొన్ని ఎలక్ట్రాన్లు దట్టించి దీన్ని తగ్గించబోతే ప్లాస్మా హద్దు ఎరుపు రంగు వైపు జరిగి పొర మసకబారుతుంది. అంటే ఇది యంత్రాలు మెరుగుపరిస్తే తీరిపోయే లోపం కాదు, భౌతికశాస్త్రం గీసిన గీత.

ఈ తరహా పదార్థాలు కొత్తవేమీ కావు. కార్ల్ బేడెకర్ 1907లోనే కాడ్మియం ఆక్సైడ్ పలుచని పొర పారదర్శకంగా ఉంటూనే కరెంటు మోస్తుందని చూపాడు.

## వేలు తగిలితే మారేదేమిటి

పాత రెసిస్టివ్ తెరల్లో పలుచని ఖాళీతో రెండు వాహక పొరలు ఎదురెదురుగా ఉండేవి. నొక్కితే అవి తాకేవి. తాకిన చోట వోల్టేజీ ఎంతో కొలిచి స్థానం కనుక్కునేవారు. చేతి తొడుగుతో నొక్కినా, పుల్లతో పొడిచినా పనిచేసేవి.

ఇప్పటి ఫోన్లలో ఉన్నది కెపాసిటివ్ పద్ధతి. పారదర్శక పొరను అడ్డంగా కొన్ని పట్టీలుగా, నిలువుగా కొన్ని పట్టీలుగా విడదీస్తారు. ఒక వరుసకు సంకేతం పంపుతారు, రెండో వరుస నుంచి అందుకుంటారు. పట్టీలు దాటుకునే ప్రతిచోటా ఒక బుల్లి కెపాసిటర్, అంటే విద్యుదావేశాన్ని నిల్వ చేసే భాగం, ఏర్పడుతుంది. దాని విలువ, అంటే కెపాసిటెన్స్, పికోఫారడ్ ప్రమాణంలో ఉంటుంది. వేలు దగ్గరికొస్తే విద్యుత్ క్షేత్రంలో కొంత భాగం శరీరం వైపు మళ్లి ఆ విలువ కాస్త తగ్గుతుంది. ఒత్తిడితోనూ శరీర వేడితోనూ దీనికి సంబంధం లేదు. కంట్రోలర్ చిప్ సెకనుకు 60 నుంచి 120 సార్లు, కొన్ని ఫోన్లలో అంతకంటే ఎక్కువ సార్లు, ఈ కూడళ్లన్నింటినీ చదివి, ఎక్కడ తగ్గిందో చూస్తుంది. ఈ వ్యాసంలో ముందుముందు వచ్చే చిక్కుల్లో పెద్దది ఆ చదవడానికి పట్టే సమయం చుట్టూనే తిరుగుతుంది.

## చదరానికి ఇన్ని ఓమ్‌లు: ఈ కొలత ఏమిటి

ఫిల్మ్ అమ్మేవాళ్ల వివరాల పత్రంలో మొదట కనబడేది షీట్ రెసిస్టెన్స్. "చదరానికి 150 ఓమ్‌లు" అని రాస్తారు. ఎంత చదరానికి? ఎంత చదరానికైనా! పొర మందం మారనప్పుడు పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపవుతుంది, వెడల్పు రెట్టింపైతే సగమవుతుంది. చదరంలో రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి అరచేతంత ముక్కకైనా గోరంత ముక్కకైనా అదే నిరోధం వస్తుంది.

ఈ విలువ రావడానికి పదార్థం నిరోధకతను పొర మందంతో భాగిస్తే చాలు. నిరోధకత 200 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు, మందం 100 నానోమీటర్లు అయితే చదరానికి 20 ఓమ్‌లు. మందం 20 నానోమీటర్లకు తగ్గితే 100 ఓమ్‌లు. పెట్ ప్లాస్టిక్ (నీళ్ల సీసాలు చేసే రకం) మీద ఇదే మందంలో నిరోధం ఇంకా ఎక్కువ ఉంటుంది. ఐటీఓ స్ఫటికాలు బాగా కుదురుకోవాలంటే 200 డిగ్రీల పైన వేడి చేయాలి, ప్లాస్టిక్ 150 డిగ్రీల దగ్గరే వంకర్లు పోతుంది. టచ్ కోసం ప్లాస్టిక్ మీద వేసిన ఐటీఓకి 100 నుంచి 150 ఓమ్‌లు మామూలు అంకె.

ఇప్పుడు ఫోన్ తీసుకుందాం. పట్టీ పొడవు 150 మిల్లీమీటర్లు, వెడల్పు 5 అనుకుంటే అందులో 30 చదరాలు పడతాయి. 150 చొప్పున మొత్తం 4,500 ఓమ్‌లు. పట్టీకి అంటుకుని ఉన్న కెపాసిటెన్స్ 100 పికోఫారడ్‌లు అనుకుందాం. రెండింటి లబ్ధం, అంటే సంకేతం స్థిరపడటానికి పట్టే కాలానికి కొలమానం, 0.45 మైక్రోసెకన్లు. ఏ ఇబ్బందీ లేదు.

అదే 65 అంగుళాల తెర అయితే? పొడవు సుమారు 1,430 మిల్లీమీటర్లు. అదే 5 మిల్లీమీటర్ల పట్టీలో 286 చదరాలు, 42,900 ఓమ్‌లు. పట్టీ దాదాపు తొమ్మిదిన్నర రెట్లు పొడుగైంది కాబట్టి కెపాసిటెన్స్ కూడా అంతే పెరిగి 950 పికోఫారడ్‌లు అవుతుంది. లబ్ధం 41 మైక్రోసెకన్లు. నిరోధమూ కెపాసిటెన్సూ రెండూ పెరిగాయి కనుక తెర పొడవు పెరిగిన రెట్లకు ఆలస్యం వర్గంలో పెరుగుతుంది.

ఈ తెర ఎత్తు 805 మిల్లీమీటర్లు, అంటే అలాంటి పట్టీలు 161. సెకనుకు 120 సార్లు చదవాలంటే ఒక్కో విడతకు 8.3 మిల్లీసెకన్లు, ఒక్కో పట్టీకి 52 మైక్రోసెకన్లు దక్కుతాయి. నాయిస్ (సంకేతంలో కలిసే అనవసరపు రొద) తీసేయడానికి ఒక్కో పట్టీకి సంకేతాన్ని చాలాసార్లు పంపి సగటు తీయాలి. ఒక్కసారి స్థిరపడటానికే 41కి పైగా పోతే ఇంకేం మిగులుతుంది? పట్టీలన్నింటికీ వేర్వేరు కోడ్‌లతో ఒకేసారి సంకేతాలు పంపి కొంత సమయం ఆదా చేసే పద్ధతులున్నాయి, పట్టీని రెండు చివర్ల నుంచీ నడిపిస్తే ఇంకొంత కలిసొస్తుంది. కానీ వర్గంలో పెరిగే ఆలస్యంతో ఈ కిటుకులు ఎంతోదూరం పోటీ పడలేవు. పెద్ద తెరల్లో ఐటీఓ చతికిలబడేది ఇక్కడే.

పొరను మందంగా వేస్తే సరిపోదా అంటే, 150 ఓమ్‌లను 10కి దించాలంటే 15 రెట్ల మందం కావాలి. అప్పటికి పొర పసుపుపచ్చగా తేలుతుంది, తేలిగ్గా పగుళ్లు పడుతుంది.

## 98 శాతం పారదర్శకం అంటే నమ్మొచ్చా

రెండో అంకె పారదర్శకత. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవాలి. ఏ పూతా లేని గాజు పలకే ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం చొప్పున 8 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది. దాటేది 92 శాతమే. మరి 98 శాతం అని రాసినవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. కింది గాజునో ప్లాస్టిక్‌నో లెక్కలోంచి తీసేసి, పూత ఒక్కదానికే ఆ అంకె ఇస్తున్నారు. రెండు ఉత్పత్తులను పోల్చేటప్పుడు ఒకదానికి మొత్తం అంకె, మరోదానికి పూత అంకె తీసుకుంటే పోలిక మొత్తం తలకిందులవుతుంది. నా లెక్కలో ఈ రంగంలో జరిగే వాదనల్లో సగం ఇలాంటి పోలికల వల్లే.

మూడోది హేజ్, అంటే మసక. దాటిన కాంతిలో ఎంత భాగం దారి తప్పి 2.5 డిగ్రీలకు మించి చెదిరిందో చెప్పే శాతం. ఐటీఓలో ఇది దాదాపు లేదు. వెండి నానోవైర్లలో ఇదే పెద్ద తలనొప్పి. చాలా కాంతి దాటినా తెర పాలిపోయినట్టు కనబడొచ్చు, నలుపు రంగు బూడిదగా మారొచ్చు.

నాలుగోది ఏ పత్రంలోనూ ఒక్క అంకెగా ఒదగదు: చెక్కిన గీతలు కంటికి కనబడటం. ఐటీఓ వక్రీభవన గుణకం 1.95 దగ్గర, దాని మీద పడే పారదర్శక జిగురుది 1.47 దగ్గర. పట్టీ ఉన్నచోటికీ, చెక్కేసి ఖాళీ చేసిన చోటికీ పరావర్తనంలో తేడా వస్తుంది. తెర ఆపేసి దీపం కింద వాల్చి చూస్తే కొన్ని పరికరాల్లో వజ్రాకారపు గడులు లీలగా కనిపించేది అందుకే. దీన్ని దాచడానికి నియోబియం ఆక్సైడ్, సిలికాన్ డైఆక్సైడ్ పలుచని పొరలను ఐటీఓ కింద వేసి రెండు చోట్లా పరావర్తనం సమానమయ్యేలా చూస్తారు.

వీటన్నింటినీ కలిపి పదార్థాలకు ఒకే మార్కు వేయలేమా? 1976లో హాకే అనే శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పాడు: పారదర్శకతను పదో ఘాతానికి పెంచి షీట్ రెసిస్టెన్స్‌తో భాగించాలి. 90 శాతం, 100 ఓమ్‌ల ఫిల్మ్‌కు 0.0035 వస్తుంది. 80 శాతం, 10 ఓమ్‌ల ఫిల్మ్‌కు 0.0107, అంటే మూడు రెట్ల మార్కు. సౌర ఫలకం చేసేవాడికి ఈ తీర్పు నచ్చవచ్చు. ఫోన్ చేసేవాడు ఆ రెండో ఫిల్మ్‌ను ముట్టుకోడు. వెలుతురులో అయిదో వంతు పోతే బ్యాటరీ మీద భారం పడుతుంది, పైగా చిన్న తెరకు 100 ఓమ్‌లే సరిపోతున్నప్పుడు 10 ఓమ్‌లతో అతనికి పనేముంది? పరిశోధన పత్రాల్లో ఈ సూత్రం విరివిగా కనిపిస్తుంది. టచ్ విషయంలో దాన్ని చూసి విజేతను ప్రకటించడం తొందరపాటే.

## ఇండియం కొరత: ఎంత నిజం, ఎంత భయం

ఇండియానికి సొంత గనులు దాదాపు లేవు. జింక్ ఖనిజాన్ని శుద్ధి చేసేటప్పుడు ఉపఉత్పత్తిగా వస్తుంది. గిరాకీ పెరిగినంత మాత్రాన ఎవరూ దాని కోసం జింక్ గని తవ్వరు. ఉత్పత్తిలో చైనాదే పెద్ద వాటా. ఫ్లాట్ తెరలు విజృంభించిన 2002–2005 మధ్య దీని ధర దాదాపు పదింతలైంది. సరఫరా గురించి ఆందోళన పడేవాళ్లు చూపే ఆధారాలివి, కొట్టిపారేయదగ్గవి కావు.

అవతలి వాదన బలం చూడాలంటే ఒక ఫోన్‌లో ఎంత ఇండియం ఉందో లెక్కేయాలి. టచ్ పొర 7 సెంటీమీటర్ల వెడల్పు, 15 పొడవు, అంటే 105 చదరపు సెంటీమీటర్లు. మందం 25 నానోమీటర్లు, ఐటీఓ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.1 గ్రాములు. గుణిస్తే 1.9 మిల్లీగ్రాముల ఐటీఓ. అందులో ఇండియం బరువు 74 శాతం, అంటే 1.4 మిల్లీగ్రాములు. రెండు పొరలున్నా మూడు మిల్లీగ్రాములకు లోపే. వృథా ఏమీ లేకపోతే కిలో ఇండియంతో మూడున్నర లక్షల ఫోన్లకు పూత వేయవచ్చు.

వృథా ఉంది. ఈ పూతను స్పటరింగ్ అనే పద్ధతిలో వేస్తారు. గాలి తీసేసిన శూన్య గదిలో ఆర్గాన్ అయాన్లు ఐటీఓ దిమ్మను ఢీకొట్టి పరమాణువులను ఎగజిమ్మితే అవి వెళ్లి గాజు మీదో ప్లాస్టిక్ మీదో పేరుకుంటాయి. దిమ్మలో సుమారు 30 శాతమే చివరికి పలక మీదికి చేరుతుంది. మిగిలిన దిమ్మ ముక్కలనూ, గది గోడలకు అంటినదాన్నీ గీకి మళ్లీ శుద్ధి చేస్తారు. ఈ రీసైక్లింగ్ చాలా పెద్ద ఎత్తున జరుగుతుంది. దానికీ ఒక మూల్యం ఉందని గుర్తుంచుకోవాలి: ఐటీఓ ధూళి పీల్చిన కార్మికుడికి ఊపిరితిత్తుల జబ్బు వచ్చి మరణించిన ఉదంతాన్ని 2003లో జపాన్ వైద్యులు నమోదు చేశారు.

కాబట్టి ఇండియం ధర రెట్టింపైతే టచ్ ఫిల్మ్ ధర రెట్టింపు కాదు. ఖర్చంతా శూన్య యంత్రాల్లో, చెక్కే ప్రక్రియలో, పాడైపోయే పలకల్లో ఉంటుంది. ధర భయం కంటే సరఫరా హఠాత్తుగా నిలిచిపోతుందన్న భయానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. దానికి విరుగుడు నిల్వలూ రీసైక్లింగూ, అంతేగాని కొత్త పదార్థమొక్కటే కాదు.

## వంగితే ఏమవుతుంది

ఐటీఓ పింగాణీ జాతి పదార్థం. సుమారు 2 శాతం సాగితే పగుళ్లు మొదలవుతాయి. సాగుదల ఎంతో తేలిగ్గా లెక్కేయొచ్చు: ఫిల్మ్ మందాన్ని వంపు వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగించాలి. 125 మైక్రాన్ల ప్లాస్టిక్ ఫిల్మ్‌ను 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో మడిస్తే 2.1 శాతం. సరిగ్గా ప్రమాదపు అంచున. అదే ప్లాస్టిక్ 25 మైక్రాన్లదైతే 0.4 శాతమే, సురక్షితం.

అంటే పలుచని ప్లాస్టిక్ వాడితే మడత ఫోన్‌లోనూ ఐటీఓ బతుకుతుందా? కాగితం మీద బతుకుతుంది. కానీ అసలు ఫోన్‌లో ఆ ఫిల్మ్ ఒంటరిగా ఉండదు. పైన రక్షణ పొర, మధ్యలో జిగుర్లు, కింద డిస్‌ప్లే. మొత్తం దొంతర వంగినప్పుడు మధ్యలో ఎక్కడో ఒకచోట సాగుదల సున్నా అవుతుంది. ఐటీఓను అక్కడ ఉంచగలిగితే సరే, ఆ చోటు కోసం డిస్‌ప్లేలోని సున్నితమైన పొరలు కూడా పోటీ పడతాయి. పైగా ఒక్కసారి మడిచి వదిలేసేది కాదు, లక్షలసార్లు మడవాలి.

## లోహపు వల: కనబడకుండా దాక్కోవడమే కష్టం

లోహం అపారదర్శకమే, కానీ సన్నని గీతలుగా వలలా అల్లితే మధ్య ఖాళీల్లోంచి వెలుతురు వస్తుంది. ఇది ఐటీఓ తర్వాత పుట్టిన ఆలోచనేం కాదు. 1970ల తొలినాళ్లలో యూరప్‌లోని కణ భౌతికశాస్త్ర కేంద్రం సెర్న్‌లో ఫ్రాంక్ బెక్, బెంట్ స్టంప్ తమ యాక్సిలరేటర్ (కణాలను వేగపరిచే యంత్రం) కంట్రోల్ రూమ్ కోసం చేసిన కెపాసిటివ్ తెర గాజు మీది రాగి పొరలో చెక్కిన సన్నగీతలతోనే పనిచేసింది.

ఇప్పటి వల కొలతలతో లెక్క చూద్దాం. గీత వెడల్పు 3 మైక్రాన్లు, గీతకూ గీతకూ దూరం 200 మైక్రాన్లు, రాగి మందం అర మైక్రాన్. కప్పిన భాగం 3 శాతం, ఖాళీ 97 శాతం. అర మైక్రాన్ రాగి పొరకు చదరానికి 0.034 ఓమ్‌లు, దాన్ని 200/3తో గుణిస్తే 2.3 ఓమ్‌లు. ఐటీఓ 150 ఎక్కడ, ఇది ఎక్కడ! ఇందాకటి 65 అంగుళాల పట్టీలో చదరానికి 5 ఓమ్‌లు వేసుకున్నా ఆలస్యం 41 నుంచి 1.4 మైక్రోసెకన్లకు పడిపోతుంది. పెద్ద తెరల్లో వల గెలవడానికి ఈ ఒక్క అంకె చాలు.

మరి ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ విడి ఫిల్మ్‌గా ఇది ఎందుకు అంత సులువుగా పాకలేదు? కన్ను మోసపోదు కాబట్టి. విడిగా ఒక్కో గీతా కనబడదు. కానీ తెర పిక్సెళ్లు కూడా ఒక క్రమమైన గడులే. రెండు క్రమాలు ఒకదానిపై ఒకటి పడితే పెద్ద పెద్ద చారలు తేలుతాయి. వీటిని మోయిరే చారలంటారు. వల గడి 200 మైక్రాన్లు, పిక్సెల్ గడి 190 అయితే చారల మధ్య దూరం రెండింటి లబ్ధాన్ని వాటి తేడాతో భాగించినంత: 3,800 మైక్రాన్లు, అంటే 3.8 మిల్లీమీటర్లు. ఎవరికైనా కనబడుతుంది. వలను కొంత కోణంలో తిప్పడం, గడులను కావాలనే అడ్డదిడ్డంగా గీయడం దీనికి విరుగుడు. అయితే ఒక డిస్‌ప్లేకి కుదిరిన కోణం ఇంకో డిస్‌ప్లేకి కుదరదు. ఐటీఓ ఫిల్మ్ అయితే ఏ తెర మీదైనా వేసేయొచ్చు, వలకు మాత్రం ప్రతి తెరకూ మళ్లీ డిజైన్ చేయాలి. రాగి ఎర్రని మెరుపును దాచడానికి పైన నల్లపూత వేయాలి, అదో అదనపు అంచె. గోడకు తగిలించిన తెరను జనం మీటరు దూరం నుంచి చూస్తారు కనుక అక్కడ ఇవన్నీ క్షమించదగ్గ తప్పులే. ముఖానికి జానెడు దూరంలో పట్టుకునే పరికరంలో కావు.

## వెండి నానోవైర్లు: పొడుగే బలం

20 నుంచి 50 నానోమీటర్ల లావు, 10 నుంచి 30 మైక్రాన్ల పొడవు ఉన్న వెండి తీగలను ద్రవంలో కలిపి సిరాలా పూస్తారు. శూన్య గది అక్కర్లేదు, అదే దీని పెద్ద ఆకర్షణ. నేల మీద వెదజల్లిన చీపురుపుల్లల్లా తీగలు ఒకదానిపై ఒకటి పడి వాటి మధ్య కరెంటుకు దారి ఏర్పడుతుంది.

ఎన్ని తీగలుంటే ఈ చివర నుంచి ఆ చివరకు దారి దొరుకుతుంది? దీనికి పెర్కొలేషన్ సిద్ధాంతంలో చక్కని జవాబుంది: తీగల సాంద్రతను పొడవు వర్గంతో గుణిస్తే 5.64 దాటాలి. 10 మైక్రాన్ల తీగలైతే చదరపు మిల్లీమీటరుకు 56,400 కావాలి. 20 మైక్రాన్లవైతే 14,100 చాలు. పొడవు రెట్టింపు చేస్తే సంఖ్య నాలుగో వంతుకు, వెండి బరువు సగానికి పడిపోతాయి. కాంతికి అడ్డూ సగమే. తయారీదారులు పొడుగు కోసం ఎందుకు తపిస్తారో ఇప్పుడు తేటతెల్లమే. ఇది కనీస హద్దు మాత్రమే, నిజమైన ఫిల్మ్‌లో దీనికి కొన్ని రెట్లు వేస్తారు.

తీగలు వంగుతాయి, విరగవు. ప్లాస్టిక్ మీద ఐటీఓ ఇవ్వలేనంత తక్కువ నిరోధం ఇస్తాయి. లోపాలు మూడు. మొదటిది ఇందాకటి హేజ్, తీగ సన్నబడేకొద్దీ తగ్గుతుంది. రెండోది తీగలు తాకేచోట ఉండే నిరోధం, దాన్ని వేడితోనో ఒత్తిడితోనో తగ్గిస్తారు. అన్నింటికంటే మొండిది మూడోది: వెండి గంధకం తగిలితే నల్లబడుతుంది. ఇంత సన్నని తీగకు పైపూత చెడినా మొత్తం తెగిపోయినట్టే. అందుకే ఫిల్మ్ కొత్తగా ఉన్నప్పటి అంకెల కంటే వేడిలో, తేమలో, ఎండలో వెయ్యి గంటలు ఉంచాక వచ్చే అంకెలు అడగడం మేలు.

## గ్రాఫీన్, వాహక పాలిమర్లు

గ్రాఫీన్ ఒక్క పరమాణువు మందపు కార్బన్ పొర. కాంతిలో 2.3 శాతమే మింగుతుంది. 2010లో దక్షిణ కొరియాలో సుంగ్‌క్యున్‌క్వాన్ విశ్వవిద్యాలయం, శామ్‌సంగ్ పరిశోధకులు 30 అంగుళాల గ్రాఫీన్ ఫిల్మ్ చేసి చూపారు. ఒక్క పొరకు 97.4 శాతం పారదర్శకత, 125 ఓమ్‌ల వరకు నిరోధం. అంకెలు చూస్తే ఐటీఓతో సమఉజ్జీ. చిక్కేమిటంటే దాన్ని రాగి రేకు మీద సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో పెంచి, రాగిని కరిగించేసి, చిరగకుండా ప్లాస్టిక్ మీదికి మార్చాలి. అదనపు ఎలక్ట్రాన్లో రంధ్రాలో (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) అందించే రసాయనం లేకపోతే నిరోధం కొన్ని వందల ఓమ్‌లకు ఎగబాకుతుంది. ఐటీఓ ఇప్పటికే సరిపోతున్న చోట ఇంత శ్రమకు ఎవరు డబ్బు పెడతారన్నదే దీన్ని ఆపిన ప్రశ్న.

పెడాట్ పీఎస్ఎస్ అనే వాహక పాలిమర్‌ది మరో దారి. సిరాలా ముద్రించవచ్చు, బాగా వంగుతుంది, లేత నీలిరంగు ఉంటుంది. తేమకూ అతినీలలోహిత కాంతికీ నెమ్మదిగా చెడుతుంది. గృహోపకరణాల మీది టచ్ బటన్లలాంటి చిన్న పనులకు చక్కగా సరిపోతుంది.

## అసలు విడి ఫిల్మే లేకపోతే

ఈ పోటీ జరుగుతుండగానే ఫోన్ల తయారీదారులు ప్రశ్ననే మార్చేశారు. టచ్ కోసం ప్రత్యేకంగా ఒక ఫిల్మ్ ఎందుకు, డిస్‌ప్లే లోపలే కలిపేస్తే పోలేదా అని. 2012 నాటి ఐఫోన్ 5 ఈ ఇన్‌సెల్ పద్ధతిని విస్తృతంగా జనంలోకి తెచ్చింది. ఎల్‌సీడీలో పిక్సెళ్లన్నింటికీ ఉమ్మడిగా ఉండే ఎలక్ట్రోడ్‌ను ముక్కలుగా విడదీసి, కాసేపు బొమ్మ చూపడానికి, కాసేపు వేలిని పసిగట్టడానికి వంతులవారీగా వాడతారు. ఫిల్మ్ పోయింది, ఐటీఓ మాత్రం పోలేదు. ఆ ఎలక్ట్రోడ్ ఐటీఓదే.

సేంద్రియ పదార్థాలతో పిక్సెళ్లే సొంతంగా వెలిగే ఓలెడ్ తెరల్లో కథ ఇంకాస్త మలుపు తిరిగింది. అక్కడ టచ్ పట్టీలను తేమ నుంచి కాపాడే సీలు పొర మీద నేరుగా వేస్తారు. కింద ఉన్న సేంద్రియ పదార్థాలు వేడికి తట్టుకోలేవు కాబట్టి ఐటీఓను బాగా కాల్చి కుదర్చడం సాధ్యం కాదు. అందుకని వంగే ఓలెడ్ తెరల్లో లోహపు గీతలే వాడుతున్నారు. ఆ గీతలు పిక్సెళ్ల మధ్య నల్లని సందుల్లోనే నడుస్తాయి, ఏ పిక్సెల్ వెలుగుకూ అడ్డు రావు. వలనూ పిక్సెళ్లనూ ఒకే ఫ్యాక్టరీ ఒకే కొలతతో గీస్తుంది గనుక మోయిరే చారల బెడదా లేదు. పారదర్శక పదార్థం కోసం దశాబ్దాలు వెతికిన పనిని ఇక్కడ అపారదర్శక లోహం చేసిపెడుతోంది.

అంతమాత్రాన ఆ ఫోన్‌లో ఇండియం లేదనుకోవద్దు. వెలుగు పైకి వచ్చే ఓలెడ్‌లో ప్రతి పిక్సెల్ కింద ఉండే ఆనోడ్ (ధన ఎలక్ట్రోడ్) సాధారణంగా మూడు పొరలది: పైన ఐటీఓ, మధ్యలో వెండి, కింద మళ్లీ ఐటీఓ.